ఓపెన్ హార్ట్ సర్జరీ తర్వాత హార్ట్ రేట్ వేరియబిలిటీ

నాడి నిమిషానికి 60 అని కేసు షీటులో రాసినంత మాత్రాన గుండె సరిగ్గా సెకనుకొకసారి కొట్టుకుంటోందని కాదు. ఒక స్పందన 940 మిల్లీసెకన్లకు పడుతుంది, తర్వాతిది 1030కి, ఆ పైది 1010కి. అన్నీ కలిపి సగటు తీస్తే 60 వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను కొలిచే లెక్కకు హార్ట్ రేట్ వేరియబిలిటీ అని పేరు. ఆసుపత్రుల్లోనూ, చేతి గడియారాల తెరల మీదా హెచ్‌ఆర్‌వీ అన్న పొడి అక్షరాలతోనే చలామణీ అవుతోంది.

ఛాతీ తెరిచి చేసే గుండె ఆపరేషన్ ఏదైనా సరే, బైపాస్ కావచ్చు, కవాటం మార్పిడి కావచ్చు, దాని తర్వాత హెచ్‌ఆర్‌వీ దాదాపు అందరిలోనూ బాగా పడిపోతుంది. తొలి రోజుల్లో అట్టడుగున ఉండి, వారాల మీదా నెలల మీదా లేస్తుంది. కొందరిలో పాత మట్టానికి పూర్తిగా చేరదు. కాబట్టి ఆపరేషన్ అయిన పదో రోజున అంకె తక్కువగా కనబడటం విశేషమేమీ కాదు. అది ఎందుకు పడింది, ఏ తీరున లేస్తోంది, అసలు సరిగ్గా కొలిచారా అన్నవే చూడాల్సిన సంగతులు. గుండెపోటు రోగుల మీద తయారైన కొలబద్దను తెచ్చి సర్జరీ రోగుల పక్కన పెట్టి బెంగపడటం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

వ్యవధి ఎందుకు మారుతుంది

గుండెకు లయ పుట్టించేది కుడి కర్ణిక పైభాగంలోని సైనస్ నోడ్. నాడుల జోక్యం లేకుండా వదిలేస్తే పడుచువాళ్లలో అది నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది. వయసు పైబడేకొద్దీ ఆ సహజ వేగం తగ్గుతుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నాడి 70 దగ్గర ఆడుతోందంటే వేగస్ నాడి నోడ్‌ను వెనక్కి పట్టి ఉంచుతోందని అర్థం. ఈ నాడి ఒక రసాయనాన్ని వదిలి గుండెను నెమ్మదింపజేస్తుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంతో చూపాడు. ఆ రసాయనం ఎసిటైల్‌కోలీన్ అని తర్వాత తేలింది.

ఎసిటైల్‌కోలీన్ ప్రభావం ఒకటి రెండు స్పందనల్లోనే కనబడి అంత త్వరగానూ పోతుంది. గుండెను వేగిరపరిచే సింపథెటిక్ నాడులు వదిలే నార్‌ఎడ్రినలిన్ అలా కాదు. దాని ప్రభావం పైకి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, దిగడానికి ఇంకా ఎక్కువ. అందుకే పక్కపక్క స్పందనల మధ్య కనబడే సన్న తేడాలు చాలావరకు వేగస్ పనే. ఊపిరి పీల్చేటప్పుడు వేగస్ పట్టు సడలి గుండె కాస్త పరుగెత్తుతుంది, వదిలేటప్పుడు మళ్లీ నెమ్మదిస్తుంది. ఊపిరితో పాటు రక్తపోటు పైకీ కిందికీ ఆడటాన్ని ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనికి గొట్టం అమర్చి గమనించి 1733లో ప్రచురించాడు. 1847లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ తాను తయారుచేసిన కైమోగ్రాఫ్‌తో నాడికీ ఊపిరికీ ఉన్న ఈ సంబంధాన్ని కాగితం మీదికి ఎక్కించాడు. శ్వాసే కాక, రక్తపోటును సర్దే రిఫ్లెక్సులు కూడా సుమారు పది సెకన్లకొకసారి గుండె వేగాన్ని అటూ ఇటూ జరుపుతాయి. నిద్రా మెలకువలు, జ్వరం, హార్మోన్లు ఇంకా పెద్ద అలలు తెస్తాయి.

లెక్క కట్టే తీరు

కొలతలు చాలా ఉన్నాయి గాని వాడుకలో ఎక్కువగా వినబడేవి రెండు. ఎస్‌డీఎన్‌ఎన్ అంటే ఒక రికార్డులోని మామూలు స్పందనల వ్యవధులన్నింటి ప్రామాణిక విచలనం. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అంటే పక్కపక్క వ్యవధుల తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టిన సంఖ్య. మొదటిది రోజంతటి ఒడుదొడుకులనూ కలుపుకుంటుంది. రెండోది వేగస్ పనికి దగ్గరగా నడుస్తుంది.

ఉదాహరణకు ఒకరి వ్యవధులు వరుసగా 820, 860, 890, 850, 810 మిల్లీసెకన్లు అనుకుందాం. తేడాలు 40, 30, 40, 40. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ సుమారు 38 వస్తుంది. అదే మనిషి ఆపరేషన్ అయిన మూడో రోజున 620, 622, 625, 623, 621 చూపితే సంఖ్య 2కు పైచిలుకు మాత్రమే. నాడి 97 దగ్గర స్థిరంగా ఉంది, ఆటుపోట్లు లేవు. ఇప్పుడు మధ్యలో ఒక్క ఎక్టోపిక్, అంటే వేళకు ముందే పడే స్పందన, వచ్చిందనుకోండి: 620, 430, 810, 622. ఈ నాలుగింటి లెక్క 268కి ఎగబాకుతుంది. వేగస్ కోలుకుని కాదు, ఒక తప్పుడు స్పందన లెక్కలో దూరినందుకు. సర్జరీ తర్వాతి రోజుల్లో ఎక్టోపిక్‌లు మామూలు. వాటిని ఏరి పారేయకుండా కట్టిన హెచ్‌ఆర్‌వీకి విలువ లేదు. ఎస్‌డీఎన్‌ఎన్ పేరులోని ఎన్‌ఎన్ అన్న అక్షరాలు కూడా మామూలు స్పందన నుంచి మామూలు స్పందన దాకా అన్న షరతునే చెబుతాయి.

హెచ్చుతగ్గులను అలల వేగాన్ని బట్టి విడదీసే పద్ధతి 1981లో సోలాంజ్ ఆక్సెల్‌రాడ్ బృందం సైన్స్ పత్రికలో వేసిన వ్యాసంతో ప్రాచుర్యంలోకి వచ్చింది. 1996లో యూరప్, ఉత్తర అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ప్రమాణాలు ఖరారు చేశాయి. వాటి ప్రకారం 0.15 నుంచి 0.4 హెర్ట్జ్ వరకు ఉన్నది హై ఫ్రీక్వెన్సీ పట్టీ, 0.04 నుంచి 0.15 వరకు ఉన్నది లో ఫ్రీక్వెన్సీ పట్టీ. మొదటిది వేగస్‌ది, రెండోది సింపథెటిక్‌ది, రెంటి నిష్పత్తి చూస్తే నాడుల సమతూకం తెలిసిపోతుందని చాలాకాలం రాస్తూ వచ్చారు. ఆ మాట ఇప్పుడు నిలబడటం లేదు. నిమిషానికి ఆరుసార్లు నెమ్మదిగా ఊపిరి తీస్తే ఆ శ్వాస అల 0.1 హెర్ట్జ్ దగ్గర, అంటే లో ఫ్రీక్వెన్సీ పట్టీలో పడుతుంది. చేసింది ప్రశాంతమైన ప్రాణాయామం, నిష్పత్తి చూస్తే ఒత్తిడిలా కనబడుతుంది. నొప్పి వల్ల రొమ్ము బిగబట్టి పైపైన ఊపిరి తీసే సర్జరీ రోగిలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ.

ఆపరేషన్ బల్ల మీద

గుండెనూ ఊపిరితిత్తులనూ పక్కకు తప్పించి రక్తాన్ని యంత్రం గుండా నడిపే పద్ధతి 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ చేతిలో తొలిసారి మనిషి మీద ఫలించింది. ఇప్పటికీ మూలసూత్రం అదే. రొమ్ము ఎముకను నిలువుగా కోసి, హృదయావరణాన్ని తెరిచి, బృహద్ధమనికీ కుడి కర్ణికకూ గొట్టాలు వేస్తారు. బృహద్ధమనికి క్లాంప్ బిగించి, పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రవంతో గుండెను ఆపుతారు. పని ముగిశాక క్లాంప్ తీస్తే గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఈ క్రమంలో నాడులకు దెబ్బ తగిలే చోట్లు చాలా. గుండెకు వెళ్లే నాడీ పోగుల్లో ఎక్కువ భాగం బృహద్ధమని మొదలునూ పుపుస ధమనినీ చుట్టుకుని దిగుతాయి. కర్ణికల వెనుకా, పుపుస సిరలు కలిసే చోటా ఉన్న కొవ్వు మెత్తల్లో నాడీ కణాల గుంపులు ఉంటాయి. క్లాంప్ బిగించేది, గొట్టాలు వేసేది, పట్టకార్లతో పక్కకు లాగేది సరిగ్గా అక్కడే. దీనికి చల్లదనం, కాసేపు రక్తం అందకపోవడం, ఆ తర్వాత హృదయావరణంలో వచ్చే వాపు తోడవుతాయి. తప్పంతా యంత్రానిదేనా అంటే కాదు. యంత్రం లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేసే బైపాస్ తర్వాత కూడా హెచ్‌ఆర్‌వీ పడుతుంది.

నాడులకు తగిలిన దెబ్బ ఒక పాలు మాత్రమే. మత్తు మందులు హెచ్‌ఆర్‌వీని అణుస్తాయి. ఐసీయూలో రక్తపోటు నిలపడానికి ఎక్కించే ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ కూడా అంతే. రక్తహీనత, జ్వరం, తెగిన ఎముక నొప్పి, రాత్రంతా అలారాలు మోగే వార్డులో పట్టని నిద్ర, ఇవన్నీ గుండెను 90, 100 దగ్గర పరుగెత్తిస్తాయి. గుండె వేగం పెరిగితే వ్యవధులు కుదించుకుపోతాయి, వాటిలోని తేడాలూ కుదించుకుపోతాయి. అందువల్ల పడిన అంకెలో కొంత భాగం ఉత్త గణితమే. తాత్కాలిక పేస్‌మేకర్ తీగలు గుండెను నడిపిస్తున్నంతసేపు వ్యవధులు యంత్రం చెప్పినట్టే వస్తాయి గనక, ఆ గంటల్లో కట్టిన హెచ్‌ఆర్‌వీ పేస్‌మేకర్ గురించే చెబుతుంది, రోగి గురించి కాదు.

మధుమేహుల సంగతి వేరే చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి చక్కెర అదుపు తప్పినవారిలో వేగస్ పోగులు ఆపరేషన్‌కు ముందే దెబ్బతిని ఉంటాయి. దీన్ని పట్టుకోవడానికి ఎడిన్‌బరోలో డేవిడ్ ఈవింగ్, ఆయన సహచరులు ప్రాచుర్యంలోకి తెచ్చిన మంచం పక్క పరీక్ష ఒకటుంది. ఈసీజీ నడుస్తుండగా రోగి నిమిషానికి ఆరు లోతైన శ్వాసలు తీస్తాడు. పీల్చినప్పటి అత్యధిక వేగానికీ వదిలినప్పటి అత్యల్ప వేగానికీ తేడా 15 స్పందనలు దాటితే సరే. 10 లేదా అంతకు తక్కువైతే నాడులు చెడ్డాయని గుర్తు. తెలుగు రాష్ట్రాల్లో బైపాస్‌కు వచ్చేవారిలో మధుమేహులు తక్కువేం కాదు. ఇలాంటివారికి ఆపరేషన్ తర్వాత పడటానికి పెద్దగా మిగిలి ఉండదు, లేవడానికీ అంతే. ముందటి అంకె తెలియకుండా తర్వాతి అంకెను చూసి సర్జరీని తప్పుపట్టడం గానీ, కోలుకోలేదని తేల్చడం గానీ తగదు.

అంకె లేచే దారి

సజావుగా సాగిన కేసులో రోగిని ఆపరేషన్ నాడే, లేదా మర్నాడు వెంటిలేటర్ నుంచి తప్పిస్తారు. ఒకటి రెండు రోజులు ఐసీయూ, వారం అటూ ఇటూగా ఇల్లు. ఈ వారమంతా హెచ్‌ఆర్‌వీ అడుగునే ఉంటుంది. పగటికీ రాత్రికీ మధ్య మామూలుగా కనబడే తేడా కూడా చెరిగిపోతుంది. ఆరోగ్యవంతుల్లో రాత్రి వేగస్ పైచేయి అవుతుంది గనక అంకె పెరుగుతుంది, ఇక్కడ రాత్రీ పగలూ ఒకే గీత.

ఈ వారంలోనే, ముఖ్యంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముంచుకొస్తుంది. కర్ణికలు లయ తప్పి వణకడం, నాడి ఇష్టమొచ్చినట్టు పడటం దీని లక్షణం. గుండె సర్జరీ రోగుల్లో సుమారు 20 నుంచి 40 శాతం మందికి ఇది వస్తుంది, కవాటాల ఆపరేషన్లలో ఇంకాస్త ఎక్కువ. హెచ్‌ఆర్‌వీ చూసి దీన్ని ముందే పసిగట్టవచ్చని చాలామంది ఆశపడ్డారు. కొన్ని అధ్యయనాల్లో దాడికి ముందు సింపథెటిక్ ఉరవడి కనబడితే, కొన్నింటిలో వేగస్ పెరుగుదల కనబడింది, ఏకాభిప్రాయం కుదరలేదు. ఒకసారి ఫిబ్రిలేషన్ మొదలయ్యాక మాత్రం హెచ్‌ఆర్‌వీ అంకె అమాంతం ఆకాశానికి ఎక్కుతుంది. గడియారం దాన్ని శుభవార్తగా చూపించినా ఆశ్చర్యం లేదు. మంచం మీద కదలకుండా ఉన్న రోగి అంకె గంటలో అయిదింతలైతే, సంబరపడే ముందు ఈసీజీ తీయించాలి.

ఇంటికి వెళ్లాక మొదటి కొన్ని వారాల్లో విశ్రాంతి నాడి దిగుతుంది, నిద్ర కుదుటపడుతుంది, హెచ్‌ఆర్‌వీ కదలడం మొదలవుతుంది. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాడులు కోలుకోవడం కూడా సుమారుగా ఆ కాలంలోనే తెలుస్తుంది. ఇందులో మందుల వాటా తక్కువ కాదు. బీటా బ్లాకర్ గుండెను నెమ్మదింపజేసి హెచ్‌ఆర్‌వీని కొంత పెంచుతుంది. మోతాదు మార్చిన వారంలో అంకె మారితే అది మందు మాటే కావచ్చు. క్రమబద్ధమైన నడకతో, పర్యవేక్షణలో చేసే వ్యాయామంతో హెచ్‌ఆర్‌వీ మెరుగవుతుందని కార్డియాక్ రిహాబ్ పరిశోధనల్లో కనబడింది. మన దగ్గర ఆ సదుపాయం పెద్ద ఊళ్లు దాటి పెద్దగా పోలేదు. డిశ్చార్జి కాగితంలో రోజుకు ఇంత దూరం నడవండి అని రాసిన ఒక్క వాక్యమే చాలామందికి రిహాబ్. ఆపరేషన్ తర్వాత దిగులు పట్టుకోవడం కూడా సాధారణమే. దిగులుకూ తక్కువ హెచ్‌ఆర్‌వీకీ సంబంధం ఉందని గుండె రోగుల్లో పదేపదే చూశారు గాని, ఏది ముందో విడదీయడం కష్టం.

జోస్యం చెప్పగలదా

హెచ్‌ఆర్‌వీకి వైద్యంలో తొలి ఉపయోగం కనబడింది పుట్టబోయే పిల్లల్లో. కడుపులో బిడ్డ ప్రమాదంలో పడేముందు, సగటు గుండె వేగం ఇంకా మారకముందే, స్పందనల మధ్య తేడాలు చదునైపోతాయని 1960లలో ఎడ్వర్డ్ హాన్, ఎస్.టి. లీ గమనించారు. పెద్దవాళ్లలో పేరు తెచ్చింది 1987లో రాబర్ట్ క్లైగర్ బృందం వేసిన వ్యాసం. గుండెపోటు వచ్చిన 808 మందికి ఒంటికి తగిలించే హోల్టర్ ఈసీజీ యంత్రంతో 24 గంటల రికార్డు తీసి వెంటాడి చూస్తే, ఎస్‌డీఎన్‌ఎన్ 50 మిల్లీసెకన్లకు తక్కువ ఉన్నవారిలో మరణాల ముప్పు 100కు పైన ఉన్నవారికంటే 5.3 రెట్లు ఎక్కువని తేలింది. ఇంటర్నెట్‌లో 50 అనే గీతను చూసి హడలిపోయే బైపాస్ రోగులు తెలిసో తెలియకో ఈ వ్యాసాన్నే చదువుతున్నారు.

ఆ గీత వారికి వర్తించదని చెప్పినవారిలో క్లైగర్ కూడా ఒకరు. ఫిలిస్ స్టైన్‌తో కలిసి ఆయన 2004లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, గుండెపోటు రోగుల గుంపులో మధుమేహులనూ బైపాస్ చేయించుకున్నవారినీ చేర్చితే హెచ్‌ఆర్‌వీకీ మరణాలకూ ఉన్న సంబంధం బలహీనపడుతుంది. కారణం ఊహించడం కష్టం కాదు. గుండెపోటు రోగిలో తక్కువ అంకె తరచూ చెడిన గుండె కండరాన్నీ, ఒత్తిడిలో ఉన్న శరీరాన్నీ సూచిస్తుంది. బైపాస్ రోగిలో అదే అంకె కత్తీ క్లాంపూ తగిలిన నాడుల వల్ల కూడా వస్తుంది. రక్తప్రసారం బాగుపడి, నొప్పి తగ్గి, మనిషి తేలిగ్గా మెట్లెక్కుతున్నప్పుడు కూడా అంకె కిందే ఉండవచ్చు.

మంచం పక్కన గుండె లయ లెక్క చూపినందువల్ల ప్రాణాలు నిలిచిన దాఖలా ఉన్నది మరో వార్డులో. చాలా తక్కువ బరువుతో పుట్టిన 3,003 మంది శిశువుల మీద వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన రాండాల్ మూర్మన్ తదితరులు జరిపిన పరీక్ష 2011లో వెలువడింది. వారి గుండె వేగపు తీరునుంచి ఇన్‌ఫెక్షన్ ముప్పును లెక్కగట్టి వైద్యులకు తెర మీద చూపిన గుంపులో మరణాలు 8.1 శాతం, చూపని గుంపులో 10.2 శాతం. గుండె సర్జరీ ఐసీయూల్లో హెచ్‌ఆర్‌వీకి ఇలాంటి హోదా రాలేదు. అక్కడ నిర్ణయాలు ఇంకా రక్తపోటు, మూత్రం, ఆక్సిజన్, డ్రెయిన్లలో వచ్చే రక్తం, గుండె ఎకో స్కాన్ చూసే తీసుకుంటారు.

గడియారం, ఉంగరం

ఇంటికి వచ్చిన రోగి చేతికి ఇప్పుడు గడియారం ఉంటుంది. హెచ్‌ఆర్‌వీ కోసం అది మామూలుగా ఈసీజీ తీయదు. చర్మం మీద పచ్చటి వెలుగు పడేసి రక్తం ఉబికే క్షణాలను పట్టుకుంటుంది. కదలిక, చల్లటి చేయి, వదులు పట్టీ దీన్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఆపిల్ వాచ్ తక్కువ నిడివి రికార్డుల నుంచి ఎస్‌డీఎన్‌ఎన్ చెబుతుంది. ఊరా ఉంగరం రాత్రి నిద్రలోని ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ చెబుతుంది. ఈ రెండు అంకెలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టకూడదు, 24 గంటల హోల్టర్ పక్కన అసలే పెట్టకూడదు. అదే పరికరం, అదే వేళ, అదే భంగిమ, వారం సగటు: ఇలా తన అంకెను తన పాత అంకెతోనే పోల్చుకుంటే కొంత ఉపయోగం. కుట్ల దగ్గర చీము, రొమ్ము ఎముకలో టక్కుమన్న చప్పుడు, రెండు మూడు రోజుల్లో పెరిగిన బరువు, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం ఉన్నప్పుడు గడియారం ఏమన్నా పట్టించుకోక ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నాడులు తెగిన గుండె

ఈ అంశంలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ గుండె మార్పిడి. కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ 1967 డిసెంబరు 3న తొలి మార్పిడి చేశాడు. భారతదేశంలో తొలి విజయవంతమైన మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పనంగిపల్లి వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవారే. దాత గుండెను కోసి తీసినప్పుడు నాడులన్నీ తెగుతాయి, వాటిని కుట్టరు. కొత్త గుండె నిమిషానికి 90 నుంచి 110 మధ్య తన సహజ వేగంతో కొట్టుకుంటుంది, హెచ్‌ఆర్‌వీ దాదాపు సున్నా. వేగస్ ప్రభావాన్ని అడ్డుకుని నాడిని పెంచే ఎట్రోపిన్ ఇక్కడ పనిచేయదు. నడక మొదలుపెడితే వేగం వెంటనే పెరగదు, రక్తంలోకి ఎడ్రినలిన్ వచ్చేదాకా ఆగుతుంది. నడక ఆపాక త్వరగా దిగదు. అందుకే వీళ్లకు వ్యాయామం ముందూ తర్వాతా ఎక్కువసేపు మెల్లటి నడక చెబుతారు.

పాత పద్ధతి మార్పిడిలో రోగి సొంత కర్ణికల వెనుక భాగాన్ని వదిలేసి దాత గుండెను దానికి కుట్టేవారు. సొంత సైనస్ నోడ్ అక్కడే, నాడులతో సహా మిగిలేది. అలాంటివారి ఈసీజీ కాగితం మీద కర్ణికల స్పందనను చూపే పి తరంగాలు రెండు రకాలుగా కనబడతాయి. సొంత నోడ్ తరంగాలు ఊపిరితో పాటు దగ్గరకూ దూరానికీ జరుగుతుంటాయి. కుట్టు గీత దాటి విద్యుత్తు పోదు గనక అవి జఠరికలను నడపవు. దాత నోడ్ తరంగాలు స్కేలు పెట్టి గీసినట్టు సమదూరంలో పడతాయి. ఒకే శరీరం, ఒకే రక్తం, ఒకే హార్మోన్లు; తేడా నాడుల్లోనే.

ఏడాది దాటాక కొందరిలో సింపథెటిక్ పోగులు కుట్టు దాటి దాత గుండెలోకి మెల్లగా పెరుగుతాయి. ఎంత దూరం పెరుగుతాయన్నది మనిషి మనిషికీ మారుతుంది, ఎక్కడా పూర్తిగా నిండదు. అలా నాడులు చేరినవారి గుండె వ్యాయామానికి కాస్త చురుగ్గా స్పందిస్తుంది. మార్పిడి గుండెలో రక్తనాళాలు మూసుకుపోయినా మామూలుగా ఛాతీనొప్పి తెలియదు. నాడులు చేరినవారిలో కొందరికి ఆ నొప్పి కూడా తిరిగి వస్తుంది.